సర్వరుకు ఉద్వాసన

సముద్రం నడిమి దీవిలో, జంగ్లీఘాట్ అనే పేటలో, చేపల రేవుకు దిగే వీథిలో ఉన్న గణేశ్వరరావు ఇంట కొన్నాళ్ళుగా ఏదో యంత్రం సన్నగా కూస్తున్నది. ఫ్రిజ్ తలుపు సరిగా పడలేదని ఇంటిల్లిపాదీ నమ్మారు. గణేశ్వరరావు వెళ్ళి తలుపు వేసేవాడు. అతని తరువాత భార్య సుచరిత వెళ్ళి వేసేది. ఆమె తరువాత తల్లి కామేశ్వరమ్మ వెళ్ళి, వీళ్ళిద్దరికీ తలుపు వేయడం కూడా చేతకాదని గొణిగి, మళ్ళీ వేసేది. ఇన్నిమార్లు వేయించుకొన్న తలుపు ఆ దీవిలో మరొకటి ఉండదు. కూత మాత్రం ఆగలేదు.

గణేశ్వరరావుది ఫోటో స్టూడియో. ముందుగదిలో వ్యాపారం, వెనుక కాపురం. దీవిలో తెలుగువారింట పెండ్లికైనా బారసాలకైనా అతని కెమెరా రాకపోతే ఆ శుభకార్యం సగమే జరిగినట్లు లెక్క. అటువంటివాడు కార్తీకమాసంలో ఒక ఉదయాన తన మేనమామ కూతురు మధులత పెండ్లి వీడియో తెరుద్దామని కంప్యూటరు ముందు కూర్చొనగా, తెరమీద ఎర్రని అక్షరాలు ప్రత్యక్షమైనవి. డ్రైవు 2 చెడిపోయినది, వెంటనే మార్చవలసినది అని వాటి సారాంశం.

అప్పుడు అతనికి ఫ్రిజ్ నిర్దోషి అని తెలిసింది.

కూస్తున్నది మూల పొట్టిబల్లమీద ఉన్న సర్వరు. ఓడల కంపెనీ ఒకటి వదిలించుకొన్న పెట్టె అది. దాని ముఖాన నాలుగు అరలు, అరకొక డ్రైవు. గణేశ్వరరావు తీసిన పెండ్లిళ్ళన్నీ ఆ నాలుగింటిలో ఉంటాయి. అవి ఉండే తీరు వెనుకటి గురువులు పాఠం చెప్పిన తీరును పోలి ఉంటుంది. నలుగురు శిష్యులకు ఒక పాఠాన్ని పంచి, ఎవరి వంతుతోపాటు వారికి తక్కినవారి వంతులకు కొండగుర్తులు కూడా నేర్పితే, ఒకడు మూగబోయినా మిగిలిన ముగ్గురూ కలిసి వాడి భాగం కూడా ఒప్పజెప్పగలరు. మూగబోయినవాణ్ణి లేపి ఆ పీటమీద కొత్తవాణ్ణి కూర్చోబెట్టవచ్చును. అందుకు పఠనం ఆపనక్కరలేదు. ముగ్గురూ చదువుతూనే వాడికి నేర్పుకొంటారు. అయితే ఇద్దరు మూగబోయిననాడు పాఠం పోయినట్లే. ఇక గురువును తిరిగి పుట్టించుకోవలసిందే.

గణేశ్వరరావుకు ముచ్చెమటలు పోయడానికి కారణం ఉన్నది. వండూరులో ఉండే కన్నారావు, వాసుదేవ్ కామేశ్వరమ్మకు సొంత తమ్ముళ్ళు. డింగీ పడవ ఇంజిను ఒకటి ఎవరికి చెందాలన్న తగవుతో వాళ్ళు మాటలు మానివేశారు. ఆ ఇంజిను తుప్పుపట్టి ఎవరికీ చెందకుండా పోయినా మాట కలవలేదు. అటువంటివారు కన్నారావు కూతురు మధులత పెండ్లిలో, తలంబ్రాల వేళ, అందరూ చూస్తుండగా కౌగిలించుకొన్నారు. కామేశ్వరమ్మ ఆనాడు అప్పగింతలకంటె ముందే ఏడ్చింది.

మరునాటినుండి కొత్త తగవు. తమ్ముడే ముందుగా వచ్చి తప్పొప్పుకొన్నాడని కన్నారావు వాదం. అన్నే వచ్చి మెడమీద పడ్డాడని వాసుదేవ్ వాదం. వీడియో చూసి తేల్చుకొందామని ఇద్దరూ అంగీకరించారు. చాలా ఏళ్ళకు వాళ్ళిద్దరూ అంగీకరించిన సంగతి అదొక్కటే. ఆ మధ్యాహ్నమే వస్తున్నారు, వేర్వేరు బస్సుల్లో.

కెమెరా కార్డులు ఆ తరువాతి బారసాలకోసం ఎప్పుడో ఖాళీ అయినవి. ఆ కౌగిలింత సర్వరులో తప్ప భూమిమీద మరెక్కడా లేదు. అది పోతే, గణేశ్వరరావు ఎదుటివాడి పక్షాన చేరి చెరిపివేశాడని ఇద్దరూ అంటారు. అన్నాక, మళ్ళీ ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. ఈసారి తొక్కించడానికి ఆ ఇంట పెండ్లికావలసిన పిల్ల కూడా లేదు.

అతడు కెల్విన్‌కు ఫోన్ చేశాడు. కెల్విన్ చర్చి పెద్ద జీవానందంగారి కొడుకు, ఊళ్ళో సర్వర్లకు వైద్యుడు. ఆ సమయానికి అవతలి ఒడ్డున బంబూఫ్లాట్‌లో పని ముగించుకొని, ఇవతలి రేవు చాతం రావడానికి ఫెర్రీకోసం వరుసలో నిలుచున్నాడు.

"ఘబరావొద్దు భయ్యా. కూత వినపడలేదా ఇన్నాళ్ళూ?"

"వినపడింది. ఫ్రిజ్ అనుకున్నాం."

"సరే. బియ్యం డబ్బాలో కొత్త డ్రైవు పెట్టించాను కదా. ఉందా?"

ఉన్నది. ఆ దీవుల్లో ఉప్పుగాలి ఇనుమును తింటుంది, తేమ తక్కినవాటిని తింటుంది. అందుచేత విడి డ్రైవును మూటగట్టి బియ్యంలో పాతిపెట్టారు. నిన్న పులిహోరకు బియ్యం తీస్తూ సుచరిత దాన్ని పక్కకు జరిపింది కూడా.

"బస్, అదే. మిషను ఆపకు. ఆపితే మళ్ళీ లేస్తుందని గ్యారంటీ లేదు. నడుస్తుండగానే పాడైనదాని పిడి ఎత్తి లాగెయ్, కొత్తది తోసెయ్."

"నేనా?"

"ఫెర్రీ ఇంకా అవతలే ఉంది. నేనొచ్చేలోగా రెండోది పోతే? అవన్నీ ఒక్క ఈడువి భయ్యా, ఒకటి పోతే ఇంకోటి బెంగపెట్టుకుంటుంది. ఒక్కటే మాట. మంచిదాన్ని లాగావో, ఖతం. నంబరు నమ్మకు, లైటు చూసి లాగు."

ఇంతలో వరుస కదిలినట్లుంది, మాట తెగిపోయింది.

గణేశ్వరరావు సర్వరు ముందు గొంతుకూర్చున్నాడు. అరల కింద చీటీలు అంటించి ఉన్నవి. ఆ చీటీలు కామేశ్వరమ్మ చెప్పగా రాసినవి. ఆమె భర్త రమణయ్యగారు బ్రతికినన్నాళ్ళూ బియ్యం వ్యాపారం చేశారు. కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనకుండా లాభం అనేవారు. ఆ వెనుక రెండు, మూడు. ఏ సరుకుకైనా లెక్క ఆ మాటతోనే మొదలుకావాలని ఆ ఇంటి నియమం. కనుక సర్వరుమీద కూడా ఎడమనుండి వరుసగా లాభం, రెండు, మూడు, నాలుగు అని ఉన్నది.

తెరమీద 2. చీటీమీద రెండు. ఇంతకంటె బలమైన ప్రమాణం అతనికి అవసరం కాలేదు. రెండవ అర పిడిమీద బొటనవేలు ఆనించాడు.

"ఆగరా! పూజలో ఉన్నదాన్ని పీకుతావా?"

కామేశ్వరమ్మ గుమ్మంలో నిలబడి ఉన్నది.

ఆయుధపూజనాడు ఆమె స్టూడియోలోని సామగ్రికంతటికీ పసుపు రాసి కుంకుమ పెట్టింది. కెమెరాకు కన్ను పైన, ముక్కాలి స్టాండుకు మెడమీద పెట్టింది. సర్వరుకు నుదురెక్కడో తెలియక, చిన్న దీపాలు మినుకుమనే చోటే నుదురై ఉంటుందని, నాలుగు అరలకూ ఆ దీపాలమీదనే పెట్టింది. గంధంతో కలిపి పెట్టడంవల్ల అవి ఎండి బిళ్ళకట్టినవి. నాటినుండి ఆ డ్రైవులలో ఏది ఎలా ఉన్నదో భగవంతునికి తప్ప కనిపించలేదు.

ఫోన్ మోగింది. గణేశ్వరరావు స్పీకరు నొక్కాడు.

"లైటు చూశావా భయ్యా?"

"కనపడదురా. అమ్మ బొట్లు పెట్టింది."

"తుడిచెయ్."

"నువ్వు చెప్పు. ఇక్కడే ఉంది."

"అమ్మమ్మా, నమస్తే. ఆ బొట్ల కింద లైట్లున్నాయి. బాగున్నవి ఆకుపచ్చ. పాడైనది పసుపుగా వెలుగుతుంది. కొంచెం తుడిస్తే..."

"పసుపు రాసినదాన్ని పసుపుగా వెలగనీవేం? దానికి రోగమేమిటి?"

"అది కాదమ్మమ్మా..."

"ఒరే కెల్విన్, మీ నాన్నగారు ప్రార్థన చేయిస్తుండగా మధ్యలో మైకు పీకుతావా?"

"పీకను. ఒకసారి కరెంటు పోయింది."

"కరెంటు దేవుడు తీశాడు. నువ్వు తీయలేదుగా."

ఫోన్‌లో ఫెర్రీ కూత ఒకటి వినిపించింది.

"అమ్మా, ఆయుధపూజ ఎప్పుడో అయిపోయింది కదే," అన్నాడు గణేశ్వరరావు.

"ఎక్కడ అయింది? ఉద్వాసన చెప్పామా? దశమినాడు నువ్వు తెల్లారకుండానే వండూరు బుకింగుకి పరిగెత్తావు. పూజచేసినదాన్ని ఉత్తరానికి ఇంత కదిపితేనే ఉద్వాసన. కెమెరాలూ స్టాండూ నీతో ఊరేగాయి కనక వాటికి దానంతటదే జరిగింది. కదలనిది ఇదొక్కటే. అప్పట్నించీ పీటమీదే ఉంది పాపం."

వాదించి ఆమెను గెలిచినవారు ఆ ఇంట లేరు. ఉన్న ఒక్కరూ గోడమీద పటమైనారు. గణేశ్వరరావు దారి మార్చాడు.

"అమ్మా, మావయ్యలిద్దరి కౌగిలింతా దీంట్లోనే ఉంది. ఇది పోతే అది పోయినట్టే."

కామేశ్వరమ్మ సర్వరును చూసింది. అంతవరకు అది ఆమెకు కొడుకు సామాను. ఇప్పుడు అందులో ఆమె తమ్ముళ్ళున్నారు.

"అయితే ఇంకా చూస్తావేం? పట్టు. ఉద్వాసన చెప్పి కదుపుదాం. ఆ తరవాత బొట్టు నేనే తీస్తాను."

"కదిపితేనా?" ఫోన్‌లోనుండి కెల్విన్ అరిచాడు. "అమ్మమ్మా, లోపల చక్రాలు తిరుగుతున్నాయి! ఎంత కదపాలి?"

"వడ్లగింజంత."

"వడ్లగింజంతేనా? పక్కానా?"

"నీ ఫెర్రీ అంత ఊగదులే."

"సరే. పెట్టెని కాదు, బల్లని పట్టుకోండి. ధీరే సే, మెల్లగా. వెనక తీగ బిగుసుకుందంటే ఆగిపోండి."

"ఉత్తరం ఎటు?" అని గణేశ్వరరావు ఫోన్‌లో దిక్సూచి వెదకబోయాడు.

"చాతం వైపు," అన్నది కామేశ్వరమ్మ. "వాడొచ్చే వైపు."

ఆమె కళ్ళు మూసుకొని, సర్వరును ఆశ్రయించి ఉన్న దేవతను స్వస్థానానికి వేంచేయమని ప్రార్థించింది. తల్లీకొడుకులు బల్లను చెరొకవైపు పట్టి, ఊపిరి బిగబట్టి, ఉత్తరానికి జరిపారు. తీగ కొంచెం బిగిసింది. సర్వరు కూస్తూనే ఉన్నది. దేవత వేంచేసినదీ లేనిదీ దాని స్వరాన్నిబట్టి చెప్పడం కష్టం.

అప్పుడు కామేశ్వరమ్మ చెంగు తడిపి, గట్టిగా పిండి, మొదట రెండవ అర మీది బొట్టు తీసింది.

ఆకుపచ్చ.

గణేశ్వరరావు తన బొటనవేలి వంక చూసుకొన్నాడు. ఇందాక అది ఆనింది ఆ పిడిమీదనే.

"లాభం" అన్న చీటీ పైన ఆకుపచ్చ. "నాలుగు" పైన ఆకుపచ్చ. "మూడు" పైన, గంధపు బిళ్ళ ఊడిరాగా, పసుపు పచ్చని దీపం ఎవరినీ నిందించకుండా మినుకుమంటున్నది.

"మూడురా! తెరమీద రెండు అని ఉంటే పాడైంది మూడు!"

"అవును భయ్యా. మిషను సున్నానుంచి లెక్కపెడుతుంది. సున్నా, ఒకటి, రెండు. అందుకే నంబరు నమ్మొద్దన్నాను."

కామేశ్వరమ్మ నొసలు చిట్లించింది. "మొదటిదాన్ని సున్నా అంటుందా? వ్యాపారం చేసేచోట?"

"అంటుంది అమ్మమ్మా."

"మరి పాడవక ఏమవుతుంది?"

గణేశ్వరరావు మూడవ అర పిడి ఎత్తి లాగాడు. డ్రైవు వెచ్చగా, పాలు మరచిన దూడవలె మెత్తగా బయటకు వచ్చింది. మూట విప్పి, అంటుకొన్న బియ్యపుగింజ ఒకటి ఊది, కొత్తదాన్ని లోపలికి తోశాడు. పిడి టక్కుమని పడింది. దీపం ఒకమారు ఆలోచించి, ఆకుపచ్చగా కొట్టుకొనసాగింది. కూత ఆగింది. ఆ నిశ్శబ్దానికి అలవాటులేని సుచరిత వెనుకగదినుండి వచ్చి, ఏమైందని అడిగింది.

"తక్కిన మూడూ దానికి పాఠం చెబుతున్నాయి," అన్నాడు కెల్విన్ ఫోన్‌లోనుండి. "సాయంత్రం దాకా మెల్లగా నడుస్తుంది. తొందరపెట్టొద్దు."

మధ్యాహ్నం మేనమామలు వచ్చారు. కన్నారావు ఎడమ కుర్చీలో, వాసుదేవ్ కుడి కుర్చీలో కూర్చున్నారు. మధ్య కుర్చీలో కామేశ్వరమ్మ, కావాలనే.

"పెట్టరా గణేశూ," అన్నాడు కన్నారావు. "ఎవరు ముందో ఇవాళ తేలిపోవాలి."

"తేలనీ," అన్నాడు వాసుదేవ్.

వీడియో నడిచింది. పాఠం చెప్పే పనిలో ఉన్న సర్వరు, అడిగినదాన్ని తెరిపి దొరికినప్పుడల్లా కొంత కొంతగా వడ్డించింది. పెండ్లికొడుకు తలంబ్రాలు ఎత్తిన చేయి పైకి లేచి, అక్కడే చాలాసేపు నిలిచి, మరుక్షణం కిందికి వచ్చివున్నది. మంటపానికి ఈవల కన్నారావు, ఆవల వాసుదేవ్ ముఖాలు గంటుపెట్టుకొని నిలబడ్డారు. బొమ్మ ఆగిపోయింది. ముగ్గురూ ముందుకు వంగారు. బొమ్మ కదిలింది. అన్నదమ్ములు ఒకరి భుజంమీద ఒకరు తలవాల్చి ఏడుస్తున్నారు.

"మధ్యలోది ఏదిరా?" అన్నాడు వాసుదేవ్.

"ఉంది చిన్నమావయ్యా. మిషను కోలుకుంటోంది. సాయంత్రానికి మొత్తం కనిపిస్తుంది, ఒక్క అడుగు కూడా తప్పకుండా."

తెరమీద ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు. కన్నారావు భుజంమీది తమ్ముడి చేయి ఎంత గట్టిగా పట్టుకొన్నదో చొక్కా ముడతలలో తెలుస్తున్నది. కన్నారావు దాన్ని చాలాసేపు చూశాడు.

"సాయంత్రం దాకా అంటే ఆఖరి బస్సు దొరకదేమో," అన్నాడు చివరకు, ఎవరితోనో అన్నట్లు.

"నాకూ పడవ పనుంది," అన్నాడు వాసుదేవ్.

"ఉండండర్రా, భోజనం చేసి వెళుదురుగాని."

"వద్దక్కా. నిలబడి పోవాలి మళ్ళీ. ఇప్పుడెళితే ఇద్దరికీ సీట్లుంటాయి."

ఇద్దరికీ అన్న మాట ఎవరన్నారో గణేశ్వరరావు గమనించాడు. గమనించినట్లు కనిపించకుండా వైరు సర్దసాగాడు. వాళ్ళు వీథి మలుపు తిరిగేదాకా కామేశ్వరమ్మ గుమ్మంలోనే నిలుచున్నది.

సాయంత్రానికి తెరమీద ఎర్ర అక్షరాలు పోయినవి. గణేశ్వరరావు ఒక్కడే కూర్చొని వీడియోను తలంబ్రాల దగ్గరకు తెచ్చాడు. మీట మీద వేలు పెట్టాడు, అదే వేలు.

కూత వినిపించింది.

అతడు ఒక్క ఉదుటున సర్వరు ముందు కూలబడ్డాడు. తల్లి, భార్య పరిగెత్తుకొని వచ్చారు. నాలుగు దీపాలూ ఆకుపచ్చగా, నిర్మలంగా వెలుగుతున్నవి. కూత ఆగలేదు.

ఫ్రిజ్ తలుపు తెరిచి ఉన్నది.

సుచరిత వెళ్ళి వేసింది. ఆమె తరువాత కామేశ్వరమ్మ వెళ్ళి మళ్ళీ వేసి, వస్తూ వస్తూ కుంకుమ భరిణె తెచ్చింది. గణేశ్వరరావు వీడియో మూసివేసి, కొత్త డ్రైవుకు ఎక్కడ పెట్టవచ్చునో, దీపానికి ఎడంగా, వేలితో చూపించాడు.