పటంలో ఎగిరే ఆడది

నేను మగ్గానికి పట్టుదారం కండెలు చుడుతాంటే మా ఆయన శ్రీరంగప్ప ధర్మవరం నుంచి వచ్చినాడు. చెప్పులు విడవకముందే అడిగినాడు. "ఆ అంచులు కలవని చీర యాడుండాది?"

పట్టు చాలక ఒక అంచు ఎర్రది, ఇంకో అంచు పచ్చది పడిన చీర అది. నేయించుకునే షావుకారు వద్దంటే మా ఆయన నాకిచ్చినాడు. పెండ్లయి పదేండ్లు దినామూ పట్టు చుట్టినా, నా ఒంటికి తగిలిన పట్టు అదొక్కటే.

"షావుకారు బదరీనారాయణ అంగట్లో కొత్త పటం తగిలించినాడు. అనంతపురం చిత్రకారుడెవరో పక్కూరి పీర్ల పండగ గీసినాడంట. మనుషులకు ముక్కూ మొగమూ లేవు, యాడ చూసినా రంగులే. తప్పెట్ల ముందర ఒక ఆడది చిందులేస్తా ఎగురుతాండాది. దాని చీరకు ఒక అంచు ఎర్రది, ఒకటి పచ్చది. నేను నేసింది నాకు తెలీదా?"

ఆ ఎగిరింది నేనే. ఇల్లు చూసుకోమని నన్ను వదిలి అత్తా ఆయనా పెండ్లికి బత్తలపల్లెకు పోయింటే, ఆ చీర కట్టుకొని, పనిమనిషి నల్లమ్మను తోడు తీసుకొని పక్కూరికి పోయినా. ఆ యేడు, ఎనభైలో, సెనక్కాయంతా ఎండిపోయింది. అయినా పీర్లను ఏటికి తీసకపోయే దినం జనం విరగబడినారు. తప్పెట దెబ్బ వింటే నా కాళ్లు నా మాట వినలేదు. పిల్లోళ్లు రంగురంగుల బుక్కాపిండి చల్లినారు. చెమటలు కారుతాంటే నవ్వినా. అంత నవ్వు ఈ ఇంట్లో ఎప్పుడూ నవ్వింది లేదు. గీసేవాడొకడు చూస్తాండాడని నాకేం తెలుసు!

"చెప్పవేమే ఆదిలక్ష్మీ?" అని మా అత్త ఓబమ్మ వంటింట్లోంచి వచ్చింది. వాకిట్లో నిలబడి నీళ్లు తాగినా, "నలుగురు చూస్తారు, లోపలికి రా" అనే మనిషి ఆమె.

"ఆ పొద్దు నల్లమ్మ అడిగితే కట్టుకోనీకి ఇచ్చినా" అన్నా.

ఛీ, ఎంత సులువుగా వచ్చింది నోట్లోంచి. నల్లమ్మ మా ఇంట్లో అంట్లు తోమి పేడ ఎత్తే మనిషి. మొగుడు లేడు. మేం పెట్టే సంగటి ముద్దలే ఆమెకూ ఇద్దరు బిడ్డలకూ. మర్నాడు పొద్దున్నే మా అత్త ఆమెను వాకిట్లోనే ఆపింది. "పట్టుచీర కట్టి తైతక్కలాడేదానికి మా ఇంట్లో పని లేదు, పో." నల్లమ్మ నా పక్క చూసింది. ఆ పొద్దు నేను ఎగురుతాంటే చప్పట్లు కొట్టింది ఆమే. వచ్చిన దావనే పోయింది. నేను తలకాయ ఎత్తలేదు.

మూడు దినాలు నాకు ముద్ద దిగలేదు. నాలుగో దినం ఆమె గుడిసెకు పోయినా. పొయ్యి రాజేసినట్టే లేదు.

"నల్లమ్మా, నన్ను తిట్టు" అన్నా.

"తిట్టిచ్చుకోనీకి వచ్చినావా? నేను తిడితే నీ మనసు చల్లబడతాది. నా బిడ్డల కడుపు నిండుతాదా? పోయి వాళ్లకు చెప్పు తల్లీ."

సిగ్గుతో దారంతా తల వంచుకొని నడిచినా. ఇంట్లో అత్తా ఆయనా తింటాండారు.

"ఆ పటంలో ఎగిరేది నల్లమ్మ కాదు, నేను. రేప్పొద్దున ఆమె పనికొస్తాది."

ఆయన ముద్ద కంచంలో పడేసినాడు. "సిగ్గు లేదా నీకు?"

"ఉండాది. అబద్ధం చెప్పి అన్నం లేని మనిషి మీదికి తోసినానే, దానికి సిగ్గుతో సచ్చిపోతాండా. ఎగిరినదానికి మాత్రం లేదు."