అడిగినవాళ్లకు పంపబడును

రౌటర్ల కంపెనీ రెండో అంతస్తులో, జిరాక్స్ మిషను పక్క గదిలో కూర్చునే ఆమెను అందరూ డిస్కులక్క అనేవాళ్లు. పదకొండేళ్లుగా ఆమెది ఒకటే పని. కంపెనీ అమ్మే ప్రతి రౌటరు పెట్టె అడుగున ఒక సన్నని కాగితం ఉండేది. "ఈ రౌటరును నడిపే ప్రోగ్రాములో కొంత భాగం అందరికీ చెందినది. ఈ మోడలు అమ్మకం ఆగాక మూడేళ్ల వరకు దాని సోర్స్ కోడ్ అడిగినవాళ్లకు పంపబడును" అని. ఆ కాగితం చదివేవాళ్లు వెయ్యికి ఒకరు. ఆ ఒకరు ఉత్తరం రాస్తే, ఆమె అలమరలోంచి ఆ మోడలు డిస్కు తీసి, కాపీ చేసి, రిజిస్టరులో చిరునామా ఎక్కించి పోస్టు చేసేది. కోడ్‌లో ఒక్క ముక్క కూడా ఆమెకు అర్థం కాదు. అయితే దాని సాయంతో కంపెనీ ప్రోగ్రాము తీసేసి సొంతది ఎక్కించుకుంటారని, దాన్నే కస్టమ్ ఫర్మ్‌వేర్ అంటారని తెలుసు. ఒకాయన తన రౌటరుతో వాన కొలుస్తున్నానని ఫోటో పంపితే, మురిసిపోయి అలమర తలుపుకు అంటించుకుంది.

ఆ సోమవారం మేనేజరు స్వయంగా ఆమె గదికి వచ్చాడు. ఆమెకన్నా పదేళ్లు చిన్నవాడు, మర్యాదస్తుడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, ఈ మూడేళ్లలో వచ్చిన మోడళ్లన్నిటికీ తాళం వేసేశారు. మన ప్రోగ్రాము తప్ప ఇంకేదీ ఎక్కదు. అంతా మనమే కొత్తగా రాసుకున్నాం కాబట్టి ఎవరికీ కోడ్ ఇవ్వక్కర్లేదట. ఈ గది ఖాళీ చేయిస్తారు."

"మరి పాతవాటి సంగతి?"

"ఆఖరి మోడలు గడువు ఇంకా ఎనిమిది రోజులుంది. ఈలోగా ఉత్తరాలొస్తే పంపొద్దని నేననను. జవాబివ్వకండి, అంతే. గడువు దాటాక ఎవరు పట్టించుకుంటారు?"

"ఆ మాట కాగితం మీద రాసిస్తారా?"

అతను నవ్వాడు. "ఇలాంటివి ఎవరైనా కాగితం మీద పెడతారా అక్కా? మీకు వారంటీ కౌంటర్లో సీటు చూస్తున్నాను. గొడవ లేకుండా పోనివ్వండి."

అతను వెళ్లాక ఆమె తలుపు దగ్గరికి వేసింది. ఆ పొద్దునే ఒక రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. అందినట్టు కార్డు మీద సంతకం పెట్టి పోస్టుమాన్ చేతికి ఇచ్చేసింది కూడా. సొరుగు లాగి ఆ ఉత్తరం మళ్లీ చదివింది.

రాసింది ఒక కోడిపిల్లల హేచరీ నడిపే ఆవిడ. "అయ్యా, మీకు రెండుసార్లు మెయిల్ పెట్టాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. గుడ్లు పొదిగే మా గదుల్లో మీ రౌటర్లు పన్నెండు ఉన్నాయి. మా తమ్ముడు వాటిలో సొంత ప్రోగ్రాము వేసి, గదిలో వేడి పెరిగినా తగ్గినా నా ఫోను మోగేలా చేశాడు. ఇప్పుడు అందులో మీ కంపెనీ ప్రోగ్రాములోంచి తెచ్చుకున్న భాగంలో ఎక్కడో కన్నం ఉందట. ఎవరో దూరి పడగొట్టిపోతున్నారు. మళ్లీ లేపితే గంటకే పడిపోతోంది. పోయిన విడత నాలుగు వందల గుడ్లు పాడయ్యాయి. ఇప్పుడున్నవి ఆరో రోజులో ఉన్నాయి. మీ కోడ్ ఉంటే కన్నం పూడుస్తానంటున్నాడు. నేనూ మా మరదలూ వంతులేసుకుని థర్మామీటర్ల ముందు కూర్చుంటున్నాం. మనుషులం కదా, కళ్లు మూతలు పడతాయి."

సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర ఆమె జరిగింది చెప్పింది. డ్రైవింగ్ స్కూల్లో నేర్పే భర్త, విషయం అంతా విని చెయ్యి కడుక్కున్నాడు.

"కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్తాను, ఎదుటివాడు ఎలా వచ్చినా మన బ్రేకు మనం తొక్కుకోవాలని. నువ్వూ తొక్కు. నీకెందుకు?"

"కార్డు మీద సంతకం నాది. రేపు ఆవిడ కేసు వేస్తే ఎవర్ని అడుగుతారు? నోటితో చెప్పినాయన్నా, రాసి ఇచ్చినదాన్నా?"

అతను చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. "పంపేదుంటే పంపెయ్. కానీ పంపానని నాకు చెప్పకు. చెప్తే నాకు నిద్ర పట్టదు."

మంగళవారం ఆమె డిస్కు కాపీ చేసింది. మామూలుగా కాఫీ తాగొచ్చేలోపు అయిపోయే పని. ఆ రోజు కంప్యూటర్లో డిస్కు తిరుగుతున్నంతసేపూ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. కారిడార్లో చెప్పుల చప్పుడైతే చాలు, తెర ఆపేసేది. అయినా రిజిస్టరులో తేదీ, చిరునామా ఎప్పటిలాగే ఎక్కించి పోస్టు చేసింది. దొంగతనంగా పంపితే అది దొంగతనమే అవుతుందని ఆమె భయం.

గురువారం మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"డిస్కులు పంపే ఆవిడేనా? నేను హేచరీ నుంచి. నీ పుణ్యమా అని డిస్కు అందిందమ్మా. కానీ అది సగమే."

"సగమేంటండీ? ఉన్నదున్నట్టు కాపీ చేశానే!"

"కోడ్ ఉందట. దాన్ని రౌటరులో నడిచే ప్రోగ్రాముగా మార్చే ఫైళ్లు లేవట. ఆ ఫోల్డరు తెరిస్తే ఖాళీ అంటున్నాడు మా తమ్ముడు. ఇవాళ పన్నెండో రోజు. ఇంకో తొమ్మిది రోజులు, అంతే."

డిస్కులక్క అలమరలోని అసలు డిస్కు పెట్టి చూసింది. ఖాళీయే. ఇన్నాళ్లూ తాను పంపినవన్నీ ఇలాంటి ఉత్త డిస్కులేనా అనిపించింది.

ఆ మోడలు ప్రోగ్రాము రాసినాయన్ని ఆఫీసులో గొణుగుడాయన అనేవాళ్లు. ఎప్పుడూ తనలో తాను మాట్లాడుకునేవాడు. కిందటేడు ఉద్యోగం మానేసి, రెండు వీధుల అవతల పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాడు. శుక్రవారం భోజనాల వేళ ఆమె అక్కడికి నడిచి వెళ్లింది. ల్యాబులో ఒక్కడే కూర్చుని వైర్లు చుడుతున్నాడు. విషయం చెప్పగానే ఆయన చేతులు ఆగిపోయాయి.

"ఆ ఫోల్డరు ఖాళీ చేసింది నేనే తల్లీ. పోయిన వేసవిలో. చెయ్యమన్నారు, చేశాను. ఆ తర్వాత అక్కడ కూర్చోబుద్ధి కాలేదు."

"మీ దగ్గర కాపీ ఉందా?"

"ఉంచుకుంటే నన్ను దొంగంటారు." కొంతసేపు గొణుక్కున్నాడు. ఉన్నట్టుండి తలెత్తాడు. "పోయిన వేసవికి ముందు ఈ మోడలు డిస్కు ఎవరికైనా పంపావా?"

"పంపాను. ఇరవై, ఇరవై ఐదు మందికి."

"అవి నిండు డిస్కులే. ఒకసారి ఇచ్చాక అది వాళ్లది. వాళ్లు ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు, ఎవరూ కాదనలేరు. నీ రిజిస్టరు చూసుకో."

ఆఫీసుకు వచ్చి రిజిస్టరు తిరగేసింది. ఇరవై మూడు చిరునామాలు, ఫోను నంబర్లున్నవి తొమ్మిది. ఆఫీసు ఫోను ముట్టుకోలేదు. మెట్ల కింద నిలబడి సొంత ఫోనుతో ఒక్కొక్కరికీ చేసింది. మొదటాయన ఊరు మారాడు. రెండో ఆయన, "కంపెనీ వాళ్లు వెనక్కి అడుగుతున్నారా?" అని భయపడి పెట్టేశాడు. తర్వాత ముగ్గురు ఎత్తలేదు. ఆరో నంబరుకు ఒక వాచీల రిపేరరు పలికాడు.

"మీరు పంపిందా? భద్రంగా ఉంది. గాజు బీరువాలో పెట్టాను. ఎందుకడుగుతున్నారు?"

ఆమె చెప్పింది. ఆయన గట్టిగా నవ్వాడు. "కోడిపిల్లల కోసమా? వాళ్ల మెయిల్ చెప్పండి. ఈ సాయంత్రమే ఇంటర్నెట్‌లో పంపేస్తాను, డిస్కు పోస్టులో వెళ్లేదాకా ఎందుకు?"

ఆ రాత్రి ఆమె భర్తకు ఏమీ చెప్పలేదు. అతనూ అడగలేదు. ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

హేచరీ ఆవిడ తమ్ముడు మూడు రోజులు కష్టపడ్డాడు. మొదటిసారి ఎక్కించినప్పుడు ఒక రౌటరు ఎందుకూ పనికిరాకుండా పోయింది. రెండోసారి నిలబడింది. ఆ రోజంతా పడిపోలేదు, మర్నాడూ పడిపోలేదు. ఇరవై ఒకటో రోజున ఆవిడ ఫోను చేసి మాట్లాడలేదు, ఫోను పొదుగుగది ట్రే పక్కన పెట్టింది. కిచకిచలు తప్ప ఏమీ వినపడలేదు. డిస్కులక్క జిరాక్స్ మిషను పక్కన నిలబడి, చెవికి ఫోను అదిమిపెట్టుకుని, ఏడుపూ నవ్వూ కలిసి రావడంతో ముఖం అటు తిప్పుకుంది.

గడువు తీరిన వారానికి మెమో వచ్చింది. ఎవరి అనుమతితో డిస్కు పంపారు, రిజిస్టరులో చిరునామాలు ఎవరికైనా చెప్పారా, మూడు రోజుల్లో జవాబివ్వాలని. మేనేజరు దాన్ని తానే తెచ్చి బల్ల మీద పెట్టి, ఆమె ముఖంలోకి చూడలేదు.

"ఇది మాత్రం కాగితం మీద పెట్టారు," అంది ఆమె.

"పైనుంచి వచ్చింది అక్కా."

చిరునామాలు ఎవరికీ చెప్పలేదని, తానే ఫోను చేసి అడిగానని, గడువులోపు అడిగినవాళ్లకు కోడ్ పంపడం తన ఉద్యోగమని రాసింది. పంపిన డిస్కులో ఒక ఫోల్డరు ఖాళీగా ఉందని, అది కంపెనీయే ఇంకా ఇవ్వాల్సి ఉందని చివరి వాక్యంగా చేర్చింది. వారంటీ కౌంటరు సీటు పోయింది. ఊరి చివర గోడౌన్లో సరుకు దింపుకుని సంతకం పెట్టే పని ఇచ్చారు. ఉద్యోగం పోలేదని భర్త ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె మాత్రం ఇంకో మెమో వస్తుందేమోనని, రోజూ కవర్లు వస్తుంటే వాటిలో తన పేరు కోసం వెతుక్కుంటూనే ఉంది.

గోడౌన్లో చేరిన రెండో నెలలో హేచరీ ఆవిడ మళ్లీ ఫోను చేసింది. కొత్త రౌటర్లు లారీలోంచి దిగుతున్నాయి. అట్టపెట్టెలు కప్పు దాకా పేరుకుపోతున్నాయి.

"పిడుగు పడి రెండు రౌటర్లు పోయాయమ్మా. ఉన్నవి తొమ్మిదే. పాత మోడలు ఎక్కడా దొరకడం లేదు. మీ కొత్తది కొంటే మా వాడి ప్రోగ్రాము ఎక్కుతుందా?"

"ఎక్కదండీ."

"వేరే కంపెనీవి?"

"ఒక్కొక్కరూ తాళం వేసేస్తున్నారట. ఎవరిది ఇంకా వెయ్యలేదో నాకు తెలియదు."

"ఈ తొమ్మిదీ పోతే?"

డిస్కులక్క లారీ కాగితాలు పెట్టె మీద పెట్టింది. "పెట్టెయ్యకండి, లైనులో ఉండండి. ఒకాయన్ని అడుగుతాను," అంటూ గొణుగుడాయన నంబరు కోసం ఫోనులో వెతకసాగింది.