లోను గడువుకి ఆరు నెలల ముందు

బంగాళాదుంప కూరిన, కజ్జికాయల్లాంటి పెరోగీల అంచులు నొక్కుతూ లారిస్సా మాట కదిపింది. "మన ఇంటి లోను ఐదేళ్ల ఒప్పందం జూన్‌తో అయిపోతుంది ఒరెస్ట్. మిగిలిన అప్పుకి కొత్త వడ్డీ సంగతి ఇప్పట్నుంచే చూసుకోవాలి."

టీవీలో హాకీ ఆట మీంచి చూపు తిప్పకుండానే ఆమె భర్త అన్నాడు: "జనవరిలో జూన్ గోలేంటి? బ్యాంకువాళ్లు కాగితం పంపుతారు, సంతకం గీకి పారేస్తాం. మా నాన్న అలాగే చేసేవాడు."

"మగాడు చూసుకుంటాడులే అమ్మాయ్, పిండి ఆరిపోతోంది," అంది అత్తగారు స్టెఫానియా.

మగాడు చూసుకోవడమంటే ఏమిటో లారిస్సాకి పందొమ్మిదేళ్లుగా తెలుసు. పోయినసారి ఆ కాగితాన్ని కారు బానెట్ మీద పెట్టి, చదవకుండా సంతకం చేశాడు. వడ్డీ ఎంతని అడిగితే "అందరికీ ఎంతో మనకీ అంతే" అన్నాడు. ఆ 'అందరికీ ఎంతో' కట్టడానికి, వారమంతా స్కూలు ఆఫీసులో పనిచేసి, శనివారాలు పూలకొట్లో కూడా నిలబడింది ఆమె. కప్పు ఎప్పుడు మార్చారో, నేలమాళిగలోకి నీళ్లెప్పుడు దిగాయో, కొళాయిలు బాగుచేసేవాడి పేరేమిటో అన్నీ ఆమె బుర్రలోనే ఉండేవి. విన్నిపెగ్ ఊళ్లో ఎవరు కనబడినా ఒరెస్ట్ మాత్రం "నా ఇల్లు" అనేవాడు.

మధ్యాహ్నం భోజనం వేళల్లో స్కూలు స్టోర్‌రూమ్‌లో కూర్చుని, వడ్డీ ఎంతో కనుక్కోడానికి లారిస్సా నాలుగు బ్యాంకులకి ఫోన్లు చేసింది. ఒకచోట, "ఒకసారి మీవారికి ఇస్తారా మేడమ్?" అన్నారు.

"ఆయన హాకీ టీముకి శిక్షణ ఇస్తున్నారండి, సోఫాలోంచి," అంది.

చివరికి ఒక చిన్న సహకార బ్యాంకు తక్కువ వడ్డీ ఇస్తామని రాసిచ్చింది.

మార్చిలో పాత బ్యాంకుకి ఇద్దరూ వెళ్లారు. మేనేజరు ఒరెస్ట్‌కి చెయ్యి అందించి, ఒరెస్ట్‌కి కుర్చీ చూపించి, ఒరెస్ట్ ముందే పెన్ను పెట్టాడు.

"ఇంటి కప్పు ఎప్పుడు వేయించారు సార్?"

ఒరెస్ట్ భార్య వైపు చూశాడు.

"బీమా ఎంతకి?"

మళ్లీ చూశాడు. పాపం మెడ పట్టేస్తుందేమోనని లారిస్సా తన కుర్చీ ముందుకి జరుపుకుని, సహకార బ్యాంకు ఉత్తరం బల్ల మీద పెట్టింది. మేనేజరు అది చదివి, లోపలికి వెళ్లొచ్చి, అదే వడ్డీకి దిగాడు.

"మీ ముందుచూపు గొప్పది సార్," అన్నాడు, ఒరెస్ట్‌తో.

"నేనెప్పుడూ అంతేనండి," అన్నాడు ఒరెస్ట్.

ఇంటికొచ్చి బూట్లైనా విప్పకుండా తల్లికి చెప్పాడు: "బ్యాంకువాడి మెడలు వంచానమ్మా!"

"నా తండ్రే!" అని ఆవిడ మురిసిపోయింది.

లారిస్సా తనకి కోపం వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసింది. రాలేదు. లోపలికి వెళ్లి ఇంటి పన్ను, బీమా, మరమ్మతుల కాగితాలన్నీ ఉన్న లావుపాటి ఫైలు తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

"ఏంటిది?"

"నీ ఇల్లు. ఇంత ముందుచూపున్నవాడికి ఇన్నాళ్లూ అడ్డం పడ్డాను, తప్పు నాదే. ఇకనుంచి నువ్వే చూసుకో. శనివారాలు పూలకొట్టు కూడా మానేస్తున్నాను."

స్టెఫానియా కళ్లద్దాలు పెట్టుకుని ఫైలు మీదకి వంగింది. "ఒరే, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు బాగుచేసేవాడు రేపు ఎనిమిదింటికి వస్తాడట. వాడికి ఏం చూపించాలిరా?"

ఒరెస్ట్ అలవాటుగా భార్య వైపు తిరిగాడు. ఆమె అప్పటికే మేడెక్కేసింది. స్నానాల తొట్టిలో వేణ్ణీళ్లు పడుతున్న చప్పుడూ, మధ్యమధ్య ఆమె నవ్వూ కిందికి వినిపిస్తున్నాయి.