పైకప్పుకి అంచు

చీరకి అంచు ఉంటుందని తెలుసు గానీ, ఇంటి పైకప్పుకి కూడా అంచు వేస్తారని అమెరికాలో షామ్‌బర్గ్ వచ్చేదాకా నాకు తెలియదు. గోడా పైకప్పూ కలిసేచోట చుట్టూ చెక్కపట్టీలు కొడతారట. వాటిని మోల్డింగ్ అంటారని మా అమ్మాయి శశికళ చెప్పింది.

ఎనభై మూడులో అమ్మాయీ అల్లుడూ ఆ ఇల్లు కొన్నారు. మా ఆయన పోయాక నన్ను తెచ్చి తమ దగ్గర పెట్టుకున్నారు. అల్లుడి ఇంట్లో ఉండటమంటే నాకు ముళ్ల మీద కూర్చున్నట్టే ఉండేది. రామమోహన్ మంచివాడే. అయినా ఏం చెప్పాలన్నా శశి చేత చెప్పించేదాన్ని. వాళ్లిద్దరూ వాదులాడుకుంటే వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. నా మాట వల్ల వాళ్లలో ఎవరికి కోపం వచ్చినా, ఆ ఇంట్లో నాకు చోటుండదని భయం.

మోల్డింగ్ కొట్టుకి నన్నూ తీసుకెళ్లారు. అక్కడ దూరడానికి వంటిల్లు లేదు.

గోడ నిండా ముక్కలు తగిలించారు. ఒకటి ఏ చెక్కడమూ లేకుండా నున్నగా, ఒకటి మెట్లుమెట్లుగా, ఒకటి పళ్లవరసలా, ఇంకొకటి పూలూ తీగలూ చెక్కి. అన్నీ తెలుపే. చీర అయితే భుజం మీద వేసుకుని చూస్తాం. దీన్ని ఎక్కడ వేసుకుని చూడాలి?

"పూలదే బాగుంది," అంది శశి.

"హాలంతా పెళ్లి కేకులా ఉంటుంది. ప్లెయిన్‌ది తీసుకుందాం," అన్నాడు అల్లుడు.

"మీకు ప్లెయిన్ తప్ప ఎప్పుడైనా ఏదైనా నచ్చిందా?"

"నువ్వు నచ్చావుగా!"

"అంటే నేను ప్లెయినా? అమ్మా, నువ్వు చెప్పు!"

"రెండూ బాగున్నాయే," అన్నాను.

చివరికి రెండు రకాలూ కొని, కారు మీద కట్టుకుని తెచ్చి గరాజ్‌లో గోడకి చేర్చారు. రెండూ కొన్నారు కనుక రెండూ వాడతారనుకున్నాను. హమ్మయ్య, గొడవ తీరింది.

మర్నాడు వాళ్లు ఆఫీసులకి వెళ్లాక గరాజ్‌లోకి వెళ్లి చూశాను. కొత్త బట్టకైనా అంచుకి పసుపు పెట్టందే కట్టుకోం. ఇంటికి వేసే అంచుని అలా బోసిగా ఎలా ఎక్కిస్తారు? నా చేత్తో పెట్టవచ్చా అని కాసేపు ఆగాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. పసుపు తడిపి తెచ్చి పూలపట్టీల కొసలకి పెట్టాను. అల్లుడు మెచ్చినవాటిని వదిలేస్తే ఏమనుకుంటాడోనని వాటికీ పెట్టాను.

సాయంత్రం గరాజ్‌లోంచి శశి కేక పెట్టింది.

"అమ్మా! ఏమిటిది? వీటిలో ఒక రకం రిటర్న్ చెయ్యాలి!"

"కొన్నవి మళ్లీ ఇవ్వడమేమిటే?"

"గోడ దగ్గర పెట్టి చూసుకుని, నచ్చనిది వెనక్కి ఇచ్చేస్తాం. ఇక్కడంతే!"

ముందు కొని తరవాత ఎంచుకుంటారని నాకెలా తెలుస్తుంది? శశి తడిగుడ్డతో తుడిచింది. పసుపు ఇంకా పాకింది. అంతలో అల్లుడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అన్నిటికీ పెట్టేశారా అత్తయ్యగారూ?"

"ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోతే, ఒకరి వైపు మాట్లాడినట్టు ఉంటుందని..." ఎన్నడూ లేనిది, సూటిగా ఆయనకే చెప్పాను.

ఆయన పట్టీల కేసీ నా కేసీ చూశాడు. "సరే, ఇప్పుడు ఏవీ వెనక్కి తీసుకోరు. ఇప్పుడైనా చెప్పండి. హాల్లో ఏది వేద్దాం?"

శశి గుడ్డ పట్టుకుని నన్నే చూస్తోంది. ఎవరి మొహం చూడాలో తెలియక పట్టీల కేసే చూశాను.

"పూలది నెత్తిమీద పడేట్టుంది. ప్లెయిన్‌దే నయం."

"విన్నావా శశీ? విన్నావా!" అల్లుడు చప్పట్లు కొట్టాడు.

"ఆయన పార్టీలో చేరావన్నమాట! అయితే ఈ పూలది నీ గదిలో కొట్టిస్తాను. పడుకుని రోజూ చూస్తూండు," అంటూ గుడ్డ బకెట్లోకి విసిరింది శశి.

నీ గది అంది. అంతవరకూ దాన్ని అందరూ గెస్ట్ రూమ్ అనేవాళ్లు. కోపంలో అందో, నిజంగానే అందో నాకు తెలియలేదు. అడుగుదామంటే అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

"రండి అత్తయ్యగారూ, మీ గది కొలుద్దాం. ఈ కొస పట్టుకుని మూలకి ఆనించండి," అన్నాడు అల్లుడు టేపు లాగుతూ.

"ఏ మూలకి?"

"ఏదైనా సరే. మీ ఇష్టం."

గది మధ్యలో నిలబడి నాలుగు మూలలూ చూశాను. తరవాత మంచం పక్క మూలకి వెళ్లి టేపు ఆనించాను.