సాక్షి చేతి రాయి

శుక్రవారం పొద్దుటి షిఫ్ట్ ముగించుకుని దేవదానం ఇంటికొచ్చేసరికి సువార్తమ్మ వంటగదిలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. అన్నం పెట్టింది, పప్పు వడ్డించింది, ఎదురుగా కూర్చుంది గానీ తన కంచం తెచ్చుకోలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అలా కూర్చోవడానికి అర్థమేమిటో ఆయనకు తెలుసు.

“చెప్పు,” అన్నాడు.

“పాస్టర్‌గారు ఫోన్ చేశారండీ. రేపు మధ్యాహ్నం హాల్లో పెద్దల మీటింగంట. మధులిక సంగతి. మీరు తప్పకుండా రావాలన్నారు. మీరే గదా సాక్షి.”

దేవదానం ఎత్తిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టాడు. ఇంగ్లండు వచ్చి కోవెంట్రీలో బస్సు నడపడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆయన నడుం ఏదో ఒకవైపు లాగుతూనే ఉంటుంది. ఆ నొప్పికి అలవాటు పడ్డాడు. ఇది అలాంటిది కాదు.

కొన్ని వారాల కిందట ఆసుపత్రి స్టాపులో మధులిక ఆయన బస్సెక్కింది. చీరాల నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన పిల్ల. ఆదివారాలు తెలుగు సంఘంలో ముందు వరసలో నిలబడి పాడుతుంది. ఆ రోజు సాకేత్ అనే కుర్రాడి చెయ్యి పట్టుకుని ఎక్కింది. మొహం పాలిపోయి ఉంది. ఎప్పుడు కనపడినా “వందనాలు అంకుల్” అనే పిల్ల, కార్డు ఆనించి ఆయన వైపు చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది. దిగేదాకా ఆ కుర్రాడి భుజం మీద తల పెట్టి ఏడుస్తూనే ఉండటం అద్దంలో కనిపించింది.

ఆ సాయంత్రం మనసు బాగోక ఆ మాట భార్యతో అన్నాడు. సువార్తమ్మ పాస్టర్‌గారి భార్య జయలక్ష్మితో, పిల్ల కోసం కాస్త ప్రార్థన చెయ్యమని చెప్పింది. ప్రార్థన కోసం చెప్పిన మాట ప్రార్థన దగ్గర ఆగలేదు. ఇల్లిల్లూ తిరిగింది, తిరిగిన చోటల్లా కాస్త ఒళ్ళు చేసింది. చివరికి మధులిక పెళ్ళి కాకుండా కడుపు తెచ్చుకుని, ఆసుపత్రికి పోయి తీయించుకుందన్న కథగా నిలబడింది.

“ప్రార్థన చెయ్యమనే చెప్పానండీ,” అంది సువార్తమ్మ.

“తెలుసులే.”

“పోనీ కోప్పడండి.”

“కోప్పడే ఓపిక లేదు సువార్తా. కంచం తెచ్చుకుని తిను.”

భోజనమయ్యాక ఆయన సోఫాలో ఒరిగి బైబిలు తెరిచాడు. ఆ నెలంతా సంఘంలో ధర్మశాస్త్రపు శిక్షల మీద పాఠాలు జరుగుతున్నాయి. రాళ్ళతో కొట్టి చంపే శిక్ష గురించి చెప్పే వంతు తనది. ఆ పాఠం ఎవరూ అడిగి తీసుకోరు గనక పాస్టర్‌గారు ఆయనకు అంటగట్టారు. విశ్రాంతి దినాన కట్టెలేరుకున్న పాపానికి ఒకణ్ణి పాళెం బయటికి తీసుకుపోయి కొట్టారు. ద్రాక్షతోట రాజుకు ఇవ్వనన్నందుకు నాబోతు మీద ఇద్దరు దొంగసాక్షుల్ని నిలబెట్టి కొట్టారు. ప్రభువును ఒప్పుకున్నందుకు స్తెఫనును కొట్టేటప్పుడు, విసరడానికి అడ్డమొస్తాయని పైబట్టలు విప్పి పక్కన పెట్టుకున్నారట. ఆ వివరం దగ్గర దేవదానం చాలాసేపు ఆగిపోయాడు. పొలం పనికి వంగబోయే మనిషి కండువా గట్టు మీద పెట్టుకున్నట్టు, అంత మామూలుగా పెట్టుకున్నారన్నమాట. అన్నిటికీ ముందు ఇంకో నియమం ఉంది. మొదటి రాయి సాక్షి చెయ్యే వెయ్యాలి. మిగతా జనమంతా ఆ తర్వాతే.

ఆయన లేచి కోటు వేసుకున్నాడు.

మధులిక ఇంకో నలుగురు అమ్మాయిలతో కలిసి అద్దెకున్న ఇంట్లో మేడ మీది గదిలో ఉంటోంది. రేడియేటర్ మీద ఉతికిన బట్టలు ఆరుతున్నాయి. ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్ యూనిఫాం కుర్చీకి వేలాడుతోంది. ఆయన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. కుర్చీ ఖాళీ చేసి కూర్చోమంది. టీ పెట్టడానికి లేవబోతే ఆయనే వద్దన్నాడు.

“మీటింగ్ సంగతి తెలిసింది అంకుల్. జయలక్ష్మి ఆంటీ ఫోన్ చేసింది. పశ్చాత్తాపపడి నేనే వచ్చి ఒప్పుకుంటే మంచిదంట. రేపు నాకు షిఫ్ట్ ఉంది. మార్చమంటే నా బదులు ఎవరూ లేరన్నారు.”

“నేను నిన్నేమీ అడగడానికి రాలేదమ్మా.”

“అడగండి, పర్లేదు. మీరన్నా అసలుది తెలుసుకోండి.” ఆమె గొంతులో ఏడుపు లేదు. బాగా తోమి బోర్లించిన గిన్నెలా ఖాళీగా ఉంది. “కడుపుతో ఉన్న మాట నిజమే. తీయించుకోలేదు. అదే పోయింది. ఆ రోజు రక్తం కనపడితే సాకేత్ తీసుకెళ్ళాడు. మాకు పెళ్ళి చేసుకోవాలనే ఉంది. వాళ్ళింట్లో ఒప్పుకోవాలి, మా ఇంట్లో ఒప్పుకోవాలి. ఇంతలో ఇట్లా అయింది.”

దేవదానం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏదన్నా అనాలనిపించింది గానీ నోటికొచ్చిన ప్రతిమాటా ఎవరో ఒకరి సమాధి దగ్గర ఎప్పుడో అన్నదే.

“తీయించుకోలేదని రేపు నేను చెప్తాను,” అన్నాడు చివరికి.

“చెప్పబాకండి. అది చెప్తే మిగతాదంతా చెప్పినట్టే గదా. పాస్టర్‌గారు చీరాల సంఘానికి రాస్తారు. మా అమ్మ అక్కడ సండే స్కూల్ టీచర్. అమ్మ అందరి ముందూ నిలబడాలి.” రేడియేటర్ మీది బట్టలు తిరగేసింది. “అది నాది అంకుల్. పోయింది గూడా నాదే. వాళ్ళు దాని గురించి మాట్లాడుకోవడం నాకిష్టం లేదు.”

ఆయన తలాడించాడు. గుమ్మం దాకా వచ్చాక, తిన్నావా అని అడిగాడు. తిన్నానని ఆమె అబద్ధం చెప్పింది. అబద్ధమని ఆయనకు తెలుసు.

శనివారం మధ్యాహ్నం హాల్లో హీటర్ కాలిన వాసన వేస్తోంది. అది ఇంగ్లీషు సంఘం వాళ్ళ హాలు. ఆదివారం వాళ్ళ ఆరాధన అయ్యాక తెలుగువాళ్ళు అద్దెకు తీసుకుంటారు. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని పాస్టర్ ఇమ్మానుయేలు, సాఫ్ట్‌వేర్ మేనేజర్ ఇశ్రాయేలు, అందరికంటే చిన్నవాడైన రమణ కూర్చున్నారు. సువార్తమ్మ పక్కనున్న చిన్న వంటగదిలో టీ పెడుతోంది.

“ఇక్కడికి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు మనం మాటిచ్చాం బ్రదర్,” అన్నాడు ఇశ్రాయేలు. ఆయనకు కాలేజీ చదివే కూతురుంది. ఆ భయం ఆయన గొంతులో వినిపిస్తూనే ఉంది. “రేపు ఇంకో పిల్ల ఇట్లాగే చేస్తే ఎవరు జవాబు చెప్తారు? ఆదివారం ఆరాధనలో అందరి ముందూ పేరు చదవాలి. వాళ్ళ సంఘానికి తెలియజేయాలి.”

రమణ మెల్లగా, వ్యభిచారం చేసిందని ప్రభువు ముందుకు ఈడ్చుకొచ్చిన ఆ స్త్రీ సంగతి, పాపం లేనివాడు మొదటి రాయి వెయ్యమన్న మాట ఎత్తబోయాడు. ఇశ్రాయేలు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆ కథ అందరికీ తెలుసు. తప్పు చేసిన ప్రతివాడూ దాని వెనకే దాక్కుంటాడు.”

అందులోనూ కొంత నిజముందని దేవదానానికి అనిపించింది. ఎంత మంచి మాటైనా ఎక్కువ వాడితే చెప్పు అరిగినట్టు అరిగిపోతుంది.

పాస్టర్ ఆయన వైపు తిరిగాడు. వారమంతా గోడౌన్లో పెట్టెలు మోసి, శనివారం కూడా ఇంట్లో ఉండలేని మనిషి. కళ్ళ కింద నల్లగా ఉంది. “అన్యాయం జరక్కూడదనే మిమ్మల్ని పిలిచాం దేవదానంగారూ. వినికిడి మాట మీద నేను ఎవరినీ వెలివెయ్యను. మీరు కళ్ళారా చూశారు. చూసింది చెప్పండి చాలు.”

“ఈ వారం పాఠం నాది గదండీ,” అన్నాడు దేవదానం. “చదివాను. సాక్షి చెయ్యి ముందు పడాలని ఎందుకు పెట్టారా అని ఆలోచించాను. పోయిన వేసవిలో నా బస్సు మీద రాయి పడింది, మీకు తెలుసు. అద్దం పగిలి ఒళ్ళో పడింది. వేసినవాణ్ణి నేను చూడలేదు. వాడూ నన్ను చూసుండడు. మన రంగు మొహం ఒకటి కనపడింది, వేశాడు. తర్వాత ఆ రాయి చేతిలోకి తీసుకున్నాను. చిన్నదే గానీ బరువుంది. పడేచోటు ఎంత దూరమైతే వేసేవాడికి అంత తేలిక బ్రదర్. చీరాల చాలా దూరం.”

వంటగదిలో కెటిల్ ఆగిన చప్పుడైంది.

“అదంతా సరే,” అన్నాడు ఇశ్రాయేలు. “మీరు చూశారా లేదా?”

“చూశాను.”

“ఏం చూశారు?”

“చెప్పను.”

“అంటే చెప్పడానికి ఏదో ఉందన్నమాట.”

“ఏమీ లేదంటే మీరు నమ్మరు. ఉందంటే ఆగరు. అందుకని చెప్పను.”

“పాపాన్ని కప్పుతున్నారు మీరు.”

“అవునేమో బ్రదర్,” అన్నాడు దేవదానం. వాదించడానికి ఆయనలో ఏమీ మిగల్లేదు. “ఆ లెక్క నేను ప్రభువు దగ్గర చెప్పుకుంటాను.”

సువార్తమ్మ టీ పళ్ళెంతో వచ్చింది. ఇశ్రాయేలు ఆమెవైపు తిరిగి, “ముందు మీరే కదా జయలక్ష్మిగారికి చెప్పింది?” అన్నాడు.

ఆమె పళ్ళెం ఖాళీ కుర్చీ మీద దించింది. “నేనేం చూడలేదు బ్రదర్. చూడనిదాన్ని నోటికెత్తుకున్నాను. అదే నా తప్పు. చల్లారిపోతుంది, టీ తాగండి.”

పాస్టర్ చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ప్రార్థన చేస్తున్నాడో, ఒట్టి అలసటో తెలియలేదు. తర్వాత, సాక్షి లేకుండా తను పేరు చదవలేనన్నాడు. అయితే దేవదానం ఇక సంఘ పెద్దల్లో ఒకడిగా కొనసాగడం కుదరదని ఇశ్రాయేలు అన్నాడు. రమణ నేల చూశాడు. దేవదానం సరేనన్నాడు. టీ బాగుందని పాస్టర్ ఒక్కడే అన్నాడు.

ఇద్దరూ కారులో ఇంటికి బయల్దేరారు. వాన తుంపర పడుతోంది.

“ఇంక ఈ సంఘానికి పోవద్దులెండి,” అంది సువార్తమ్మ. “బర్మింగ్‌హామ్‌లో ఇంకోటుందంట.”

“అక్కడా మనుషులే ఉంటారు.”

“మరి వీళ్ళంతా మొహం తిప్పుకుంటుంటే ఎట్లా కూర్చుంటాం?”

ఆయన వైపర్లు కాస్త వేగం చేశాడు. “దావీదు రాజు తన కొడుక్కే భయపడి ఊరొదిలి పోతుంటే షిమీ అనేవాడు కొండపక్కన నడుస్తా, తిడతా, రాళ్ళేస్తా పోయాడు గదా. భటుడు వాడి తల తీసుకొస్తానన్నాడు. రాజు వద్దన్నాడు, వెయ్యనీలే అన్నాడు. ఎందుకన్నాడని పెద్ద పెద్ద ప్రసంగాలు విన్నాను. నాకైతే, ఆయనకు ఓపిక లేకే అనిపిస్తది. రాళ్ళు పడుతుంటే నడిచారు. చేరేసరికి అందరూ అలిసిపోయారు. అక్కడ సేద తీర్చుకున్నారు. అంతే రాసుంది.”

సువార్తమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఏడుస్తోందని తెలిసి ఆయన రేడియో పెట్టలేదు.

ఆ ఆదివారం మధులిక పేరు ఎవరూ చదవలేదు. దేవదానంగారు కొంతకాలం బాధ్యతల నుంచి విశ్రాంతి తీసుకుంటున్నారని మాత్రం చదివారు. పాఠం ఇశ్రాయేలు చెప్పాడు, బాగానే చెప్పాడు. కొందరి వందనాలు దూరం నుంచే తలూపడానికి తగ్గిపోయాయి. ఆయన మధులికతో కలిసి ఏదో దాస్తున్నాడనీ, సాకేత్ దగ్గర ఏదో పుచ్చుకున్నాడనీ కూడా అన్నారు. విని ఊరుకున్నాడు. మధులిక మళ్ళీ పాడటానికి రాలేదు. చదువవగానే సాకేత్‌తో కలిసి గ్లాస్గో వెళ్ళిపోయింది. అక్కడ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి చేసుకున్నామని సువార్తమ్మకు ఫోన్ చేసి చెప్పింది. అమ్మ ఇంకా మాట్లాడటం లేదంది. మాట్లాడుతుందిలే అని సువార్తమ్మ అంది. ఆ మాట ఇంకెవరికీ, ప్రార్థనకైనా, చెప్పలేదు.

వాళ్ళిద్దరూ సంఘం మానలేదు. వెనక వరసలో, గోడ పక్క కుర్చీల్లో కూర్చుంటారు. శనివారం లేట్ షిఫ్ట్ పడిన వారాల్లో దేవదానానికి రెండో పాటకే కళ్ళు మూతలు పడతాయి. ఒక ఆదివారం తల గోడకు ఆనించి నిద్రపోయాడు. సన్నగా గురక కూడా వచ్చింది. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు. సువార్తమ్మ ఆయన్ను లేపలేదు. తన శాలువా తీసి ఆయన భుజాల మీద సర్ది, పాటలో గొంతు కలిపింది.