ఎవరి చేతి పళ్ళు

బావ సంతకం పెట్టమన్నప్పుడు మేస్త్రి ఆ కాగితం చదవలేదు. అక్క మొగుడు ఇచ్చిన కాగితాన్ని చదవడమంటే అక్క కాపురాన్ని శంకించడమే అనుకున్నాడు, వెర్రిబాగులవాడు. "ఏదో లాంఛనంరా, లాయరు పెట్టించమన్నాడు," అన్నాడు బావ. బావ దగ్గర పని మానేస్తే రెండేళ్ళపాటు ఆ ఊళ్ళో ఎక్కడా అదే పని చెయ్యకూడదని అందులో ఉంది. మేస్త్రికి వచ్చింది ఆ ఒక్క పనే.

ఆ పని కట్టుడు పళ్ళు చెయ్యడం. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే, దాని మీద మైనంతో చిగుళ్ళు పోసి, పళ్ళు ఒక్కొక్కటీ నిలబెట్టాలి. ఊళ్ళో అలాంటి ల్యాబుల్లో బావదే పెద్దది. నేర్పిందీ బావే. వరస తిన్నగా పెట్టనిచ్చేవాడు కాదు. ఒక పక్క పన్ను కాస్త తిప్పమనేవాడు, కోరపన్ను కొస కాస్త అరగదీయమనేవాడు. "ముసలి మొహంలో పడుచు పళ్ళు పెడితే పళ్ళే కనిపిస్తాయి, మనిషి కనిపించడురా," అనేవాడు. ఆ విద్య మేస్త్రి తలకి ఎంతగా ఎక్కిందంటే, ఎవరు నవ్వినా ముందు పళ్ళ వంకర్లే చూసేవాడు. పెళ్ళాన్ని మొదటిసారి చూసినప్పుడూ అంతే. కళ్ళలోకి చూడకపోతే సిగ్గనుకుంది, పాపం.

ల్యాబులో అతనికి ఇస్తానన్న వాటా బావ తన అన్న కొడుక్కి ఇచ్చేసరికి మేస్త్రికి కడుపు మండిపోయింది. ఆ పూటే మానేశాడు. అప్పుడు బయటికొచ్చింది కాగితం. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. పనిలేని మగాడు ఇంట్లో ఎంత ముద్దొస్తాడో పెళ్ళాలనడగాలి. చివరికి ఒక కుర్ర డాక్టరు తన ఆస్పత్రి వెనకగదిలో గుట్టుగా పని ఇచ్చాడు.

గుట్టు దాగాలంటే చెయ్యి దాగాలి. తన పని ఎవరి నోట్లో కనిపించినా బావ ఇట్టే పట్టేస్తాడు. అందుకని మేస్త్రి గోడ కట్టినట్టు తిన్నగా పళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు. కోరపళ్ళు అరగదీయలేదు. చిగుళ్ళన్నిటికీ ఒకటే గులాబీ రంగు. మొదట్లో ఒక్కో జత బయటికి పంపుతుంటే ప్రాణం చచ్చిపోయేది. తర్వాత అలవాటైంది. అదే ఘోరం.

అయినా ఎవరో బావ చెవిన వేశారు. బావ దావా వేశాడు. ఓడితే నష్టపరిహారం కింద మేస్త్రి ఇల్లు పోతుంది. కోర్టు మెట్లెక్కకముందే తేల్చుకుందామని బావ లాయరు అందరినీ తన గదికి పిలిచాడు. అక్క కూడా వచ్చి ఇద్దరి మధ్య కుర్చీలో కూర్చుంది. "పుట్టింటివాళ్ళంటూ నాకు మిగిలింది వీడొక్కడే," అని మొగుడితో అంది. ఆయన లాయరు వైపు తిరిగాడు.

లాయరు ఒక ప్లాస్టిక్ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాడు. కుర్ర డాక్టరు దగ్గర కట్టించుకున్న ఒకావిడ పళ్ళట, ఆ పొద్దున్నే దొరికాయట. చూడగానే తన పనేనని మేస్త్రి గుర్తుపట్టాడు. బావ కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలితో చిగురు లోపలి వైపు రాశాడు.

"ఇది వీడి పని కాదు," అన్నాడు.

లాయరు తెల్లబోయాడు. "సరిగ్గా చూడండి సార్."

"నేను నేర్పిన చెయ్యి నాకు తెలీదా?"

అక్క మేస్త్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్క కోసం అబద్ధమాడుతున్నాడేమోనని మేస్త్రి బావ మొహంలోకి చూశాడు. అబద్ధం లేదు. అసహ్యం ఉంది, అదీ ఆ పళ్ళ మీద.

"నువ్వే చెప్పరా లాయరుగారికి, ఇందులో తప్పులేంటో," అని బావ డబ్బా అతని ముందుకి తోశాడు.

మేస్త్రి పళ్ళు చేతిలోకి తీసుకున్నాడు. "వరస మరీ తిన్నగా ఉంది. కోరపళ్ళు అరగదీయలేదు. చిగుళ్ళకి ఒకటే రంగు."

"ఇంకా?"

"అంతే బావా."

"కళ్ళు పోయాయా? పైవీ కిందివీ కలిసే కాటు చూడు. ఎడం పక్క ఎత్తు. నమిలినప్పుడల్లా భారమంతా ఆ చిగురు మీదే."

"పుండు పడిందట సార్," అన్నాడు లాయరు. "అందుకే అడగ్గానే ఇచ్చేసింది. గంజి తాగి బతుకుతోంది."

మేస్త్రి పై వరసా కింది వరసా కలిపి చూశాడు. నిజమే, ఎడం పక్క ఎత్తుగా ఉంది. తను చెప్పిన మూడూ కావాలని చేసినవి. ఇది ఎప్పుడు మొదలైందో, ఇంకా ఎన్ని నోళ్ళలో ఉందో అతనికి తెలీదు.

బావ లేచాడు. "దావా వెనక్కి తీసేసుకోండి. పద ఇంటికి," అన్నాడు అక్కతో.

"ఈ జత నాకివ్వండి," అన్నాడు మేస్త్రి లాయరుతో. "సరిచేసి ఆవిడకిస్తాను."

"ఎవడో వెధవ చేసినదానికి నీకెందుకురా?"

"ఎవడో కాదు బావా."

అక్క అతని చెయ్యి వదిలేసింది. లాయరు కలం మూత తీశాడు. బావ మేస్త్రి వంక చూడలేదు. డబ్బా అందుకుని, వెలుతురు కోసం కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, చాలాసేపు ఆ పళ్ళనే చూశాడు.

"ఎడం పక్కది కూడా కావాలనే చేశావు కదూ?" అని అడిగాడు. ఆ గొంతులో అవునంటే చాలన్నంత ఆశ ఉంది.

మేస్త్రి అడ్డంగా తలూపాడు.