వేలు తీసుకోని రా

“ఏమే, వేలు తీసుకోని రా, బిరీన!”

విష్ణువర్ధన్ వాకిట్లోంచే కేకేశాడు. బండి కూడా ఆపలేదు. ఉమాదేవి ఒళ్లో చేట, చేటలో తడిపిన చెనిక్కాయలు. వాన పడేనాటికి విత్తనం తయారుగా ఉండాలని నెల దినాలుగా ఒలుస్తూనే ఉంది. మిషన్‌కు వేస్తే వేరుశెనగ గింజ పగులుతుందని, ఆడోళ్లు చేత్తో ఒలిస్తేనే మొలక బాగా వస్తుందని అత్త నారాయణమ్మ నమ్మకం. ఆ ఇంట్లో ఒలిచే ఆడోళ్లంటే ఉమాదేవి ఒక్కతే.

చీర దులుపుకుని భర్త బండెక్కింది. ఎందుకని అడగలేదు. తను సర్పంచిగా గెలిచినప్పటి నుంచి ఆమెను పంచాయతీ ఆఫీసుకు పిలిచేది ఒక్క పనికే. కంప్యూటర్ పక్కనుండే చిన్న నల్ల డబ్బా మీద ఆమె కుడి బొటనవేలు పెడితే సర్పంచి ఖాతా తెరుచుకుంటుంది. ఆ తర్వాత కుర్చీలో ఆయన కూర్చుంటాడు, ఆమె వరండాలో నిలబడుతుంది. గెలిచిన రోజు దండలు కూడా ఆయన మెడలోనే పడ్డాయి. ఊరంతా ఆయన్నే ‘సర్పంచన్నా’ అంటుంది. ఉమాదేవి ఇంటర్ చదివింది, సంతకం ముత్యంలా పెడుతుంది. అయినా ఒకసారి నలుగురి ముందు ఆయన, “మా ఇంటిదానికి సంతకం వస్తే ఏమి, రాకుంటే ఏమప్పా, అది వేలిముద్రే గదా!” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

“మళ్లా పెట్టండి మేడమ్,” అంది ఆఫీసులో కంప్యూటర్ చూసే జ్యోతిలక్ష్మి.

పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. జ్యోతిలక్ష్మి డబ్బాను గుడ్డతో తుడిచింది, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. తెర మీద అదే మాట: అనుమతి లేదు.

“ఏమొచ్చె దానికి?” అన్నాడు విష్ణువర్ధన్.

“డబ్బా బాగనే ఉండాది సార్. నా వేలికి నా ఖాతా తెరుచుకుంటాంది. మేడమ్ వేలే దానికి తెలీకుండాది.”

“పీడా పోయె. నా వేలు ఎక్కించు. దినామూ ఈమెను బండి మీద మోయలేక సస్తాండా.”

“నా ఖాతాతో కాదు సార్. మేడమ్ ఖాతా తెరిచి, మేడమే మీకు అనుమతి ఇయ్యాల. ఒక్కసారి ఇచ్చేస్తే సాలు, మళ్లా మేడమ్ రావాల్సిన పనే ఉండదు.”

మళ్లా రావాల్సిన పనే ఉండదు. ఉమాదేవికి ఆయన తొందర తెలుసు. ఊరి పైవీధి ఎగువగేరికి మంజూరైన బోరును తన అన్న తోట పక్కకు మార్చాలని ఆయన పట్టు. చోటు మార్చాలంటే సర్పంచి ఖాతాలో ఒప్పుకోవాలి. అమాస దాటితే బోరు బండి వచ్చి, మంజూరైన చోటే వేసిపోతుంది. మొన్న ఎగువగేరి సుంకమ్మ బిందె దించి, “సర్పంచమ్మా, మేము నీళ్లకు ఎంత దూరం పోతామో నీకు జెప్పల్లా?” అని అడిగింది. ఆ ఊళ్లో ఆమెను సర్పంచమ్మా అని పిలిచింది సుంకమ్మ ఒక్కతే. రాత్రి అన్నం పెడుతూ ఉమాదేవి, “ఆ బోరు ఆడనే ఉండనీ,” అంది. “నిన్ను అడిగిందెవురు? ఊరిబిండి ఎయ్యి,” అన్నాడాయన, పచ్చడి గిన్నె వైపు చూపిస్తూ.

జ్యోతిలక్ష్మి ఆమె చేతిని వెలుతురులోకి తిప్పి చూసింది. “అయ్యో అక్కా, గీతలే లేవు గదక్కా!”

ఉమాదేవి చూసుకుంది. వేలి కొస గులకరాయిలా నున్నగా ఉంది. ఎక్కడికి పోయాయి ఆ గీతలు? చెనిక్కాయల పొట్టులో కొన్ని, చింతపండు గింజలు తీస్తూ కొన్ని, బూడిదతో తోమిన గిన్నెల్లో కొన్ని, ఆయన తెల్లచొక్కాల కాలర్లు రుద్దుతూ కొన్ని. ఇన్నేళ్లూ తను ఇంట్లోనే ఉన్నాననుకుంది. కొంచెం కొంచెంగా పోతూనే ఉందన్నమాట.

“మళ్లా రావాలంటే ఏం జేయాల?” ఆయన అడిగాడు.

“చేతికి పని చెప్పకుంటే సాలు సార్. కొబ్బెరనూనె పూసి ఒక వారం వదిలేస్తే గీతలు లేస్తాయి.”

ఇంటికి రాగానే ఆయన తల్లితో, “మా, దీన్ని చేట ముట్టుకోనీకు,” అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె చేతికి విశ్రాంతి కావాలని ఆయన అనడం అదే మొదలు. బాలింతగా ఉన్నప్పుడూ అనలేదు, జ్వరంతో వణుకుతూ రొట్టెలు తట్టినప్పుడూ అనలేదు.

“వేలికి ఇంత వైభోగమా! నాయి అరిగినప్పుడు ఎవురు జూసినారు?” అంటూ నారాయణమ్మ చేట తన ఒళ్లోకి లాక్కుంది. ఆమె వేళ్లు కూడా నున్నగానే ఉన్నాయి.

సాయంత్రం ఆయనే బత్తలపల్లె నుంచి కొబ్బరినూనె తెచ్చాడు. “చెయ్యి సాపు,” అని, ఆమె చేతిని తన అరచేతిలోకి తీసుకుని మెల్లగా నూనె రాశాడు. ఆ చేతిని ఎవరైనా అలా పట్టుకుని ఎన్నాళ్లయిందో! ఉమాదేవి కళ్లలో నీళ్లు నిండాయి. ఆయన బొటనవేలిని మాత్రం దీపం వైపు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇంగా రాలే,” అని చెయ్యి వదిలేశాడు.

కొన్ని దినాలకు వేలి మీద సన్నగా గీతలు లేచాయి. ఆయన సంబరపడ్డాడు. “రేపే పోదాం. అమాసకు ముందే పనైపోతాది.”

ఆయన బయటికి పోయాక, చేట పక్కనే అత్త కునుకు తీస్తుంటే, ఉమాదేవి కొంగుతో వేలి నూనె తుడిచేసింది. మూలనున్న మూటలోంచి ఎండు కాయలు పిడికెడు తీసుకుంది. ఒకటి నొక్కింది. ఇంకొకటి నొక్కింది. వేలు భగ్గున మండింది.

చప్పుడుకు నారాయణమ్మ కళ్లు తెరిచింది. కోడలి ఒడి వైపు చూసింది.

“తడపని కాయలు గదమ్మే అవి. వేలు పోతాది.”

“పోనీలే అత్తా,” అంది ఉమాదేవి, ఇంకో కాయ తీసుకుంటూ.